ధ్యానం కాదు, ధాన్యం

1984లో నేను తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రిలో, సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తుండేదాన్ని. సైకియాట్రీ అంటే మనసుకు వచ్చే జబ్బులకు వైద్యం చేసే విభాగం. ఊళ్ళోవాళ్ళు దాన్ని ‘పిచ్చోళ్ళ వార్డు’ అనేవాళ్ళు. నా ఎదురుగా ఆ మాట ఒకసారి అన్నవాళ్ళు రెండోసారి అనేవాళ్ళు కాదు. మాది చిత్తూరు, నోరు కొంచెం పెద్దది. నేను ఏ వార్డులో ఉన్నానో మా మేట్రన్ ఎవరినీ అడిగేవారు కాదు, వరండాలో నిలబడి చెవి పెడితే చాలునట.

ఆ రోజుల్లో మత్తుమందులకు అలవాటుపడిన వాళ్ళు కూడా మా వార్డుకే వచ్చేవాళ్ళు. సారా తాగేవాళ్ళే ఎక్కువ. గంజాయి వాళ్ళు కొందరు. నల్లమందు వాళ్ళు అరుదు, వచ్చినా చాలావరకు లారీ డ్రైవర్లే. మన మామిడికాయలు, బెల్లం వేసుకుని ఉత్తరాది దాకా పోతారు కదా, నిద్ర రాకుండా, నడుము నొప్పి తెలియకుండా ఉండాలని దారిలో టీతో పాటు మిరియపు గింజంత నల్లమందు నోట్లో వేసుకుంటారు. మొదట మిరియమంత, తర్వాత శనగగింజంత. కొన్నాళ్ళకు అది పడకపోతే లారీ సంగతి దేవుడెరుగు, మనిషే మంచం దిగడు.

మునిరత్నం అలా వచ్చినవాడే. కార్వేటినగరం దగ్గర పల్లె. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాచిన చేతులు, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే ముఖం. తోడుగా వచ్చింది భార్య దేశమ్మ. మనిషి పొట్టి, మాట పొడుగు. అందుకే నాకు మొదటిరోజే నచ్చేసింది.

అతను మా వార్డులో చేరడం అది మూడోసారి. ముందు రెండుసార్లూ ఒళ్ళు కాస్త తేలికపడగానే గేటు దాటి పారిపోయాడు. ఇల్లు చేరకముందే మళ్ళీ నల్లమందు నోట్లో పడింది. అందుకే ఈసారి దేశమ్మ మంచం పక్కన నిలబడి నా ముందే తేల్చి చెప్పింది.

“సిస్టరమ్మా, నువ్వే సాచ్చికం. ఈ తూరి గూడా ఈయప్ప గేటు దాటినాడంటే నేనూ బిడ్డ కాడికి మా నాయనింటికి పూడస్తా. మళ్ళీ ఎవురొచ్చి పిల్సినా రాను.”

మునిరత్నం తల వంచుకున్నాడు. అంత గట్టిగా చెప్పిన మనిషే మరుక్షణం కొంగు తడిపి అతని ముఖం తుడిచింది, దువ్వెన తీసి తల దువ్వింది. ఒకపక్క బెదిరిస్తూ ఇంకోపక్క పాపిడి తీసే ఆడమనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. కానీ ఆమె ఉత్తుత్తినే అనలేదని నాకు తెలుసు. పాపను అప్పటికే వాళ్ళ నాయన ఇంట్లో వదిలిపెట్టి వచ్చింది. తనొక్కతే పోవడం మిగిలింది.

మొదటి వారమంతా విత్‌డ్రాయల్. అంటే అలవాటైన మందు ఆపేసినప్పుడు ఒళ్ళు చేసే తిరుగుబాటు. ముక్కు కారుతుంది, కళ్ళు కారతాయి, ఆవలింత మీద ఆవలింత, ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కాళ్ళు ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటాయి. మందులతో అది గట్టెక్కించవచ్చు. అసలు కష్టం దాని తర్వాత మొదలవుతుంది. ఒళ్ళు బాగయ్యాక మనసు అడగడం మొదలుపెడుతుంది. దాన్ని క్రేవింగ్ అంటాం. మా పల్లె భాషలో చెప్పాలంటే నాలుక పీకడం. మునిరత్నం రెండుసార్లూ పారిపోయింది అక్కడే.

మా డాక్టరు మోహన్ గారు బెంగళూరులో చదువు ముగించుకుని కొత్తగా వచ్చారు. చిన్నవయసు, నెమ్మదైన మనిషి, నేను అరిస్తే ఆయనే ఉలిక్కిపడేవారు. మాత్రలతో సగమే అవుతుంది, మిగతా సగానికి మనిషి తన మనసును తానే గమనించుకోవడం నేర్చుకోవాలి అనేవారు. ఊపిరి ఎలా వస్తోందో, ఎలా పోతోందో చూస్తూ కూర్చోవడం, ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో తెలుసుకోవడం. ఇప్పుడు దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అని పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో నేర్పుతున్నారు. అప్పట్లో ఆ మాట మా వార్డులో ఎవరికీ తెలియదు. మేము ధ్యానం అనేవాళ్ళం.

ఆ మాటతోనే వచ్చింది తంటా అంతా.

నేను సిరంజీలు ఉడికిస్తున్నాను. స్టెరిలైజరు బుసబుసమంటోంది. దేశమ్మ గుమ్మంలో నిలబడింది. “రేపు పొద్దున్నుంచి మీ ఆయనకు ధ్యానం మొదలమ్మా” అని వెనక్కి తిరక్కుండానే అరిచాను.

“ఎంత సిస్టరమ్మా?”

“మొదట్లో కొంచెం చాల్లే. అలవాటైనాక పెంచుకోవచ్చు.”

“ఎవురిది వాళ్ళేనా?”

“ఇంకేం? ఒకరిది ఇంకొకరు చేస్తే ఎట్ల కుదురుతుందమ్మా?”

సరేనని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున డాక్టరు గారు వరండాలో చాప పరిపించి, మునిరత్నాన్ని కూర్చోబెట్టి, తానూ ఎదురుగా కూర్చున్నారు. అంతలో దేశమ్మ వచ్చింది. తలకు స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, చేటనిండా బియ్యం పట్టుకుని వచ్చి, భక్తిగా ఆయన ముందు పెట్టింది.

“ఇదేంటమ్మా?” అన్నారు డాక్టరు గారు.

“దాన్యం సారూ. సిస్టరమ్మ సెప్పింది. వడ్లు తేవాల్నేమో తెల్దు, మా సంచీలో బియ్యమే ఉండాయి. సాలకపోతే మా నాయనకు కబురు పెడ్తా.”

గ్రహాలు బాగాలేనప్పుడు ధాన్యం దానమిస్తారు కదా, ఆసుపత్రిలో కూడా అలాంటిదేదో పెట్టారనుకుంది పాపం. కొంచెం చాలు అన్నాను, తర్వాత పెంచుకోవచ్చు అన్నాను, ఎవరిది వాళ్ళే అన్నాను. ఒక్కటీ తప్పలేదు! వార్డులో లేచి కూర్చోగలిగిన ప్రతి మనిషీ నవ్వాడు. మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్న ముసలాయన కూడా ఇటు తిరిగి నవ్వాడు. నేనైతే కడుపు పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాను. దేశమ్మ ముఖం ఎర్రబడింది.

“నవ్వండి నవ్వండి. నువ్వట్ల ఆ బుసబుసలో అరిస్తే ఎవురికి అర్తమైతాది తల్లీ?” అని నామీదికే వచ్చింది. న్యాయమే.

చేట పక్కన పెట్టి డాక్టరు గారు పాఠం మొదలుపెట్టారు. “కళ్ళు మూసుకో మునిరత్నం. ఊపిరి మీద దృష్టి పెట్టు.” మునిరత్నం కళ్ళు మూసుకున్నాడు. అంతలోనే అదిరిపడి తెరిచాడు. కుడికాలు ముందుకు తన్నుకుంది, లేని బ్రేకును తొక్కినట్టు.

“మళ్ళీ ప్రయత్నించు.”

మళ్ళీ అదే. ముఖమంతా చెమట.

“నా వల్ల కాదు సారూ” అన్నాడు. “నేను డ్రైవర్ని. కూసోని కండ్లు మూస్తే రోడ్డు మీదికొస్తాది. ఇన్నేండ్లూ కండ్లు మూతపడకూడదనే గదా ఆ పాడుది తినింది. ఇప్పుడు మీరే మూయమంటే యాడ మూసేది?”

“సరే, తెరిచే ఉంచు” అన్నారు డాక్టరు గారు. తెరిచి ఉంచితే చూపు తిన్నగా గేటు మీదికి పోయింది. ఆ చూపు నేను అంతకుముందు రెండుసార్లూ చూశాను.

చేతులకు ఏదో ఒక పని కావాలి అతనికి. ఒళ్ళో చేతులు ఊరికే ఉండలేక, పక్కనున్న చేట దగ్గరికి లాక్కున్నాడు. పెళ్ళాం తెచ్చి అవమానపడిన బియ్యం అని జాలేసిందేమో కూడా. వేళ్ళతో బియ్యం పల్చగా పరిచి, ఒక రాయి తీసి కింద పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఒక వడ్లగింజ. మళ్ళీ రాయి. నేను అప్పుడే “ఏమప్పా, సారు ఒకటి చెప్తే నువ్వొకటి...” అని నోరు తెరిచాను. డాక్టరు గారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

ఆయన చాప మీద జరిగి చేటకు అటుపక్క కూర్చున్నారు. కాసేపు చూసి మెల్లగా అన్నారు.

“ఇట్లాగే చెయ్యి. ఏరుతున్నప్పుడు ఏరడమే. మనసు యాడికో పోతుంది, పోనీ. పోయిందని తెలియగానే మళ్ళీ గింజ దగ్గరికి రా. నల్లమందు మీదికి పోయినా అంతే. అదొక రాయి. బియ్యంలో రాయి కనబడితే తిట్టుకుంటామా? చేట విసిరేస్తామా? తీసి పక్కన పెడతాం. అంతే.”

“అంతేనా సారూ?”

“అంతే.”

మునిరత్నం ఆ పూట చేటెడు బియ్యం ఏరాడు. గేటు వైపు చూశాడు, చూడలేదని చెప్పను. చూసినప్పుడల్లా మళ్ళీ చేటలోకి వచ్చాడు.

ఆ తర్వాత అది మా వార్డులో ఆనవాయితీ అయిపోయింది. వార్డు వెనక షెడ్డులో వంట చేసుకునే ఆడవాళ్ళందరూ తమ బియ్యం తెచ్చి మునిరత్నం ముందు పెట్టేవాళ్ళు. సారా మానడానికి వచ్చిన ఇద్దరు కూడా పక్కన కూర్చున్నారు. “సిస్టరమ్మా, దాన్యం టైమైంది” అని వాళ్ళే నన్ను పిలిచేవాళ్ళు. రౌండ్సుకు వచ్చిన మేట్రన్ వరండా నిండా చేటలు చూసి, “ఇది వార్డా, రైసు మిల్లా?” అన్నారు. డాక్టరు గారు ఎంతో వినయంగా “ట్రీట్‌మెంటు మేడమ్” అన్నారు. నవ్వాపుకోలేక నేను మందుల గదిలోకి దూరాను.

అన్ని రోజులూ బాగా గడవలేదు. ఒక్కోరోజు బియ్యం అలా ఒళ్ళో పెట్టుకుని కొండ వైపే చూస్తుండేవాడు. మా వరండాలోంచి దూరంగా ఘాట్ రోడ్డు ఎక్కే బస్సులు కనబడేవి. “ఆ వంపులో సెకండ్ గేరు ఎయ్యాల. ఎయ్యలేదు సూడు వాడు” అని తనలో తనే గొణుక్కునేవాడు. అలాంటప్పుడు దేశమ్మ మోచేత్తో పొడిచి, “ముందు నీ బండి సూసుకో” అనేది. అతను నవ్వి మళ్ళీ ఏరేవాడు.

అలా ఉండగా ఒకరోజు దొరసామి వచ్చాడు. మునిరత్నం లారీలో ఎన్నో ఏళ్ళుగా క్లీనరు. నగరి వైపువాడు, మాటలో సగం అరవం. మునిరత్నమంటే ప్రాణం. దేశమ్మ కబురు పెడితే ఊరినుంచి బియ్యం సంచి మోసుకొచ్చాడు. చిక్కిపోయిన మునిరత్నాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పోయేముందు సంచి మంచం కిందికి తోస్తూ అన్నాడు.

“అన్నా, ఈ బియ్యం నువ్వే ఏరుకో. వొదినకు ఇయ్యద్దు. అడుగుదాకా ఏరుకో, సరియా?”

నేను పక్క మంచం దగ్గర బీపీ చూస్తూ ఆ మాట విన్నాను. ఎంత అభిమానం, ఈ ధ్యానం సంగతి వీడికి కూడా తెలిసిపోయిందే అని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున మామూలుగానే కూర్చున్నాడు మునిరత్నం. సంచిలోంచి కొంచెం కొంచెంగా చేటలో పోసుకుంటున్నాడు, ఏరుతున్నాడు, ఏరింది దేశమ్మ గిన్నెలోకి వంచుతున్నాడు. ఆ రోజు మాత్రం ఘాట్ బస్సుల మీద వ్యాఖ్యానం లేదు. దేశమ్మ గిన్నె తీసుకుని బియ్యం కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నేను మందుల ట్రాలీ తోసుకుంటూ వరండాలోకి వచ్చాను.

అతని చెయ్యి ఆగిపోయి ఉంది.

తెల్లటి బియ్యం మధ్యలో నల్లగా, శనగగింజంత, ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. నాకు వెంటనే అర్థమైంది. దొరసామి మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. అడుగుదాకా ఏరుకో! ఓరి నీ ఇల్లు బంగారం గానూ, ఎంత పని చేశావురా అనుకున్నాను.

మునిరత్నానికి ఆవలింత వచ్చింది. వెంటనే ఇంకొకటి. కళ్ళు కారాయి, ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. విత్‌డ్రాయల్ ఎప్పుడో అయిపోయింది, కానీ కంటిముందు కనబడేసరికి ఒళ్ళు మళ్ళీ అడిగేసింది. అది జరుగుతుందని పుస్తకంలో చదివాను గానీ మనిషి మీద అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ఒక్క అడుగు వేస్తే చేట నా చేతికి అందుతుంది. ఒక్క అరుపు అరిస్తే వార్డంతా వస్తుంది. అరవడం నాకు చేతకానిదేం కాదు. కానీ లాక్కుంటే, ఈ పూటకు లాక్కుంటాను. రేపు టీ కొట్టు దగ్గర ఎవరు లాక్కుంటారు? ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నా నోరు మూతపడింది. ట్రాలీ కడ్డీ గట్టిగా పట్టుకుని నిలబడిపోయాను. డాక్టరు గారు మా నర్సులకు కూడా నేర్పి, నేనెన్నడూ లెక్కచెయ్యని ఆ ఊపిరి చూడటం, ఆ రోజు మొదటిసారి చేశాను. వస్తోంది, పోతోంది. దేవుడా, దేవుడా అనుకుంటూ చూశాను. కుళాయి దగ్గర దేశమ్మ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

మునిరత్నం వేళ్ళు దాని మీదికి వెళ్ళాయి. పైకి తీశాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత తల తిప్పి నన్ను చూశాడు.

“సిస్టరమ్మా” అన్నాడు. “ఈడొక రాయి ఉండాది.”

తీసి, కిందనున్న రాళ్ళ కుప్ప పక్కన పెట్టాడు. పెట్టి మళ్ళీ చేట వైపు తిరిగి ఏరడం మొదలుపెట్టాడు.

నేను వంగి దాన్ని తీసుకున్నాను. నర్సు ఏడవకూడదని మాకు ట్రైనింగులో చెప్పారు. ఏడ్చాను. ట్రాలీ పక్కన చాప మీద కూర్చుని, తెల్ల యూనిఫారంతో, కొంగు లేక టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాను.

“నీకు నిన్ననే తెలుసా అప్పా?” అన్నాను.

“వాడు సెప్పినప్పుడే తెలిసింది. దొరసామి నాతో ఎన్ని తూర్లు ఉత్తరానికి వచ్చినాడు, వాని మాట నాకు తెల్దా?” అన్నాడు చేటలోంచి కళ్ళెత్తకుండా. “సంచీలో సెయ్యి పెట్టి దేవులాడుంటే నిన్ననే దొరుకును. పెట్టలా. పైనుంచి ఒగో గింజా ఏరుకుంటా వద్దామనుకుంటి. దాని కాడికొచ్చేసరికి నాకే తెలుస్తాది గదా, అది కావాల్నో వొద్దో.”

“తెలిసిందా?”

“కావాలనే ఉండాది సిస్టరమ్మా. అబద్దం సెప్పను. కావాలనే ఉండాది. రాయే గానీ.”

దేశమ్మ కడిగిన గిన్నెతో తిరిగొచ్చి మా ఇద్దరి ముఖాలు చూసింది. నేను అరచేయి తెరిచి చూపించాను. ఆమె గిన్నె కింద పెట్టింది. మొగుడి పక్కన కూర్చుని, చేటకు ఒక అంచు తన ఒళ్ళోకి లాక్కుని, తనూ ఏరడం మొదలుపెట్టింది.

దొరసామి మళ్ళీ వచ్చినప్పుడు వాడిని చీల్చి చెండాడాలని మాటలన్నీ సిద్ధం చేసుకుని ఉంచాను. సగం కూడా అననివ్వలేదు మునిరత్నం. వాడు అప్పటికే గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. “అన్న పానం యాడ పూడస్తాదో అని బయపడి పెట్టినా అక్కా. రవ్వంతే పెట్టినా” అంటున్నాడు. చంపాలనుకుని పెట్టలేదు, బతకాలని పెట్టాడు. దాన్ని ఏమని తిట్టను? మునిరత్నం రెండో చేట వాడి ముందుకు తోశాడు.

“కూసో. ఏరు” అన్నాడు. వాడు ముక్కు ఎగబీలుస్తూ కూర్చుని ఏరాడు.

డిశ్చార్జి రోజున మునిరత్నం అదే గేటు దాటి, పెళ్ళాంతో కలిసి, నడిచి వెళ్ళాడు. పోయేముందు దేశమ్మ డాక్టరు గారిని అడిగింది. “సారూ, ఈ దాన్యం ఇంగ ఎన్నాళ్ళు సెయ్యాల?”

“అన్నం తినేన్నాళ్ళూ చెయ్యమనమ్మా” అన్నారాయన. నేరుగా వాళ్ళ నాయన ఇంటికే వెళ్ళారిద్దరూ, పాపను తెచ్చుకోవడానికి.

నేను ఆ వార్డులోనే ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. మంచి మందులు వచ్చాయి, మంచి పేర్లు వచ్చాయి. ధ్యానం అందరికీ పనిచేయలేదు, ధాన్యమూ అందరికీ పనిచేయలేదు. కొందరు మళ్ళీ మళ్ళీ వచ్చారు, కొందరు రాకుండానే పోయారు. కానీ ఆ పొద్దున ట్రాలీ పట్టుకుని నిలబడ్డాక ఒక సంగతి నాకు తెలిసింది. మనిషి తన చేత్తో తీయాల్సిన రాయిని మనం తీసేస్తే, తీయడం అతనికి ఎప్పటికీ రాదు. పక్కన నిలబడి, పారిపోకుండా, నోరు మూసుకోవడం కూడా నర్సింగే. నాలాంటి నోటికి అది ఇంజెక్షన్ కంటే కష్టం.

మునిరత్నానికి దూరం లారీలు వద్దన్నారు. పాలవ్యాను డ్రైవరుగా కుదిరాడు. పుత్తూరు, తిరుపతి మధ్యే తిరిగేవాడు, సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. ఎప్పుడైనా బస్టాండు దగ్గర నేను కనబడితే వ్యాను ఆపి దిగేవాడు. ఏళ్ళు గడిచాయి, జుట్టు నెరిసింది, కూతురి పెళ్ళి కూడా చేశాడు. నేను ఎప్పుడూ ఒకటే అడిగేదాన్ని, “ఎట్లుండావప్పా?” అని.

ఎవరైనా బాగుండాను అంటారు. అతను ఒక్కసారి కూడా అలా అనలేదు. ఎప్పుడూ ఆ నవ్వబోయే ముఖంతోనే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించి అనేవాడు.

“ఏరుకుంటా ఉండా సిస్టరమ్మా.”